మెతుకుసీమ చరిత్ర – 9
కరువు రోజుల్లో సర్వశక్తుడి గుడి

గత భాగంలో మెదక్ కోట కొండ దిగి ఊళ్లోకి వచ్చాం. కాకతీయ ప్రతాపరుద్రుడి కాలం నాటిదని చెప్పుకునే కోట, ద్వారం మీద గండభేరుండం, కుతుబ్‌షాహీల నాటి మసీదు, వాళ్ల ఏలుబడిలో ఊరికి వచ్చిన గుల్షనాబాద్ పేరు, ఆ తర్వాతి ఆసఫ్‌జాహీల పాలన చూశాం. చివరగా ఒక పాతికేళ్ల పాదిరిని కలిశాం. ఆయన చార్లెస్ వాకర్ పోస్నెట్. 1895లో ఇంగ్లండ్ నుంచి సికింద్రాబాద్ వచ్చి, తిరుమలగిరి దండులో తెల్ల సిపాయిలకు ప్రార్థనలు జరిపిస్తూ, ఆ పని మనసుకు పట్టక గుర్రమెక్కి పల్లెల దారి పట్టాడు. ఆ దారి ఆయన్ను మెదక్ డాక్ బంగ్లాకు చేర్చింది.

అప్పట్లో హైదరాబాద్ నుంచి మెదక్ రావాలంటే గుర్రం మీద రెండు రోజులు పట్టేది. ఊళ్లో మేడ ఇల్లు అన్నదే అరుదు. కొండ మీద పాడుబడుతున్న కోట, కొండ కింద పెంకుటిళ్లు, ఊరి చివర గుడిసెలు. మంజీర పారే తాలూకానే అయినా ఆ నీళ్లు పొలాలన్నిటికీ అందేవి కావు. చెరువు నిండితే వరి, లేకుంటే జొన్న. పేదల ఇళ్లలో పొద్దున అంబలి, రాత్రికి జొన్న గటక. వరి అన్నం పండుగ నాటి మాట. మెతుకు పేరే ఊరి పేరైందని చెప్పుకునే సీమలో మెతుకు దొరకని ఇళ్లే ఎక్కువ.

పోస్నెట్ వచ్చిన కొద్ది కాలానికే 1899-1900 నాటి మహా కరువు దక్కన్‌ను పట్టుకుంది. వానలు మొహం చాటేశాయి, పశువులు కొట్టాల్లోనే కూలిపోయాయి. కరువు అందరికీ వచ్చినా అందరినీ ఒకేలా కొట్టదు. గరిసెలో గింజలున్నవాడు ఏడాది ఓర్చుకుంటాడు. మాల, మాదిగ వాడల్లోని జీతగాళ్లకు గరిసె ఎక్కడిది? ఏనాడో తాత తెచ్చిన బాకీకి మనవడు గాసం మీద పనిచేస్తున్న కాలం. పటేలు పిలిస్తే వెట్టి, దేశ్‌ముఖ్ గడీకి వెట్టి, సర్కారు అధికారి ఊళ్లో దిగితే అతని మూటలు మోయడం వెట్టి. ఊరి బావి దగ్గర నీళ్లు తోడుకునే హక్కు లేదు. బడి గడప తొక్కింది లేదు.

ఆ వాడల్లోకే వెస్లియన్ మిషన్ సువార్తికులు, బైబిలు స్త్రీలు వెళ్లారు. చెట్టు కింద కూర్చుని తెలుగు బైబిలు చదివి వినిపించారు. అందులో ఒక మాట పదే పదే వచ్చేది: సర్వశక్తుడు.

ఆ మాట వాళ్లు ఎలా విని ఉంటారు? వాళ్ల అనుభవంలో శక్తి అంటే గడీది. శక్తి ఉన్నవాడు తీసుకుంటాడు, పెట్టడు. అతని ముందు చేతులు కట్టుకుని నిలబడాలి తప్ప నోరెత్తకూడదు. అన్ని శక్తులూ ఉన్న దేవుడు అంటే గడీ దొర కంటే పెద్ద దొరేనా? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే మెదక్ నుంచి కాసేపు మూడు వేల ఏళ్ల వెనక్కి, మధ్యధరా సముద్రం ఒడ్డుకు వెళ్లి రావాలి.

గుడారాల వాళ్ల దేవుడు

తెలుగు బైబిలులో సర్వశక్తుడని చదివే చోట హీబ్రూ మూలంలో ఉన్న పేరు షద్దాయ్. కొన్ని చోట్ల ముందు ఏల్ చేరి ఏల్ షద్దాయ్ అవుతుంది. ఏల్ అంటే దేవుడు. హీబ్రూ బైబిలులో షద్దాయ్ 48 సార్లు వస్తే, అందులో 31 సార్లు ఒక్క యోబు గ్రంథంలోనే వస్తుంది. ఏల్‌తో జతకట్టి వచ్చేది 7 సార్లే, వాటిలో 5 ఆదికాండంలో. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు దేవుడు ఈ పేరుతోనే తెలుసని నిర్గమకాండం చెబుతుంది. అంటే యూదులకు రాజులు, రాజధానులు, రాతి ఆలయం రాకముందు, మందలు తోలుకుంటూ గుడారాల్లో బతికిన పెద్దలు పిలుచుకున్న పేరుగా వాళ్ల గ్రంథమే దీన్ని గుర్తుపెట్టుకుంది.

పేరు ఎక్కడి నుంచి పుట్టిందో పండితులు తలో దారి చెబుతారు. మెసపొటేమియాలోని అక్కద్ భాషలో షదూ అంటే కొండ. కాబట్టి కొండ మీది దేవుడన్నారు కొందరు. హీబ్రూలో షద్ అంటే తల్లి రొమ్ము. యాకోబు చనిపోయే ముందు కొడుకు యోసేపును షద్దాయ్ పేర దీవిస్తూ ఆకాశపు దీవెనలు, అగాధ జలాల దీవెనలు, స్తనాల, గర్భాల దీవెనలు కలగాలన్నాడు గనుక పాలిచ్చి పెంచే దేవుడన్నారు మరికొందరు. షాదద్ అంటే నాశనం చేయడం. ఆ ధాతువు చూపి ప్రళయ శక్తి అన్నవాళ్లూ ఉన్నారు. యూదు రబ్బీలు పేరును రెండుగా విడదీసి, చాలినవాడు అని చెప్పుకున్నారు. 1967లో జోర్డాన్‌లోని దేర్ అల్లా దిబ్బలో గోడ పూత మీద సిరాతో రాసిన పాత రాత ఒకటి బయటపడింది. క్రీస్తుకు పూర్వం 800 ప్రాంతం నాటిది. బైబిలులో కనిపించే బిలాము కథ అందులోనూ ఉంది, షద్దాయ్‌ను పోలిన పేరుతో ఒక దేవతల గుంపూ ఉంది. పేరు ఇశ్రాయేలీయుల గడప దాటి చుట్టుపక్కల జాతుల్లోనూ వినిపించేదని దీంతో తేలింది.

ధాతువుల వాదం తెగేది కాదు. పేరు ఏ సందర్భంలో ఎవరి నోట వచ్చిందో చూస్తే మాత్రం ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కరువు ఉన్న చోట ఈ పేరు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది.

కనాను దేశంలో కరువు పడి, ఇంట్లో గింజలు నిండుకుని, ధాన్యం కొనుక్కురావడానికి కొడుకుల్ని మరోసారి ఐగుప్తుకు పంపుతూ ముసలి యాకోబు తలచుకున్నది ఏల్ షద్దాయ్‌నే. కడగొట్టు బెన్యామీనునూ వెంట పంపక తప్పని ఘడియ అది. మిడతల దండు పొలాలు ఊడ్చేసి, కొట్లు పాడుబడి, పశువులు మేత లేక మూలుగుతున్న రోజుల్లో యోవేలు ప్రవక్త షద్దాయ్ పేరెత్తి హెచ్చరించాడు. ఆస్తి, బిడ్డలు, ఒంటి ఆరోగ్యం అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు షద్దాయ్‌తోనే వాదించాలన్నాడు.

అన్నిటికంటే నిలదీసేది రూతు కథ. బేత్లెహేములో కరువు వచ్చింది. బేత్లెహేము అంటే హీబ్రూలో రొట్టెల ఇల్లు. ఆ ఊరిలోనే రొట్టె కరువై నయోమి కుటుంబం మోయాబు దేశానికి వలస పోయింది. అక్కడ భర్త పోయాడు, ఇద్దరు కొడుకులూ పోయారు. విధవరాలైన కోడలు రూతును వెంటబెట్టుకుని ఉత్త చేతులతో ఊరికి తిరిగొచ్చిన నయోమిని చూసి ఊరి ఆడవాళ్లు ఈమె నయోమేనా అని నోళ్లు నొక్కుకున్నారు. నన్ను నయోమి అనకండి, మారా అని పిలవండి అంది ఆమె. మారా అంటే చేదు. తన బతుకును చేదు చేసింది షద్దాయేనని నలుగురిలో నిలబడి చెప్పింది. ఆమెను ఎవరూ వారించలేదు, దైవదూషణ అనలేదు. ఆ మాటను గ్రంథంలో అలాగే ఉంచారు.

ఆ తర్వాత యవల కోత కాలం. రూతు పరిగె ఏరుకోవడానికి పొలానికి వెళ్లింది. కోత కోసేవాళ్లు వదిలేసిన వెన్నులు ఏరుకునే హక్కు పేదలకు, విధవరాళ్లకు, పరదేశులకు ఉండాలన్నది మోషే ధర్మశాస్త్రం. ఆ పొలం యజమాని బోయజు. అతన్ని పరిచయం చేస్తూ హీబ్రూ కథకుడు గిబ్బోర్ అన్నాడు. బలాఢ్యుడు, వీరుడు అని అర్థం. యుద్ధంలో శత్రువుల్ని నరికేవాణ్ణి అనే మాట అది. అయితే ఈ కథలో బోయజు కత్తి దూయడు. కోత కోసేవాళ్లను పిలిచి, కట్టల్లోంచి కొన్ని వెన్నులు కావాలనే లాగి పడేయమంటాడు, ఆమెను గద్దించవద్దంటాడు. మధ్యాహ్నం భోజనానికి పిలిచి పేలాలు చేతికిస్తాడు. రూతు కడుపునిండా తిని, మిగిలింది అత్త కోసం దాచుకుని తీసుకుపోయింది. షద్దాయ్ మీద నయోమి చేసిన ఫిర్యాదుకు జవాబు పొలం గట్టు మీద ఈ రూపంలో వచ్చింది.

హీబ్రూ నుంచి తెలుగు దాకా

క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నుంచి అలెగ్జాండ్రియా యూదులు తమ గ్రంథాల్ని గ్రీకులోకి మార్చుకున్నారు. యోబు గ్రంథంలో షద్దాయ్ వచ్చిన చాలా చోట్ల పాంతోక్రాతోర్ అని రాశారు. అన్నిటినీ ఏలేవాడని అర్థం. ఆ తర్వాత ఆరేడు వందల ఏళ్లకు జెరోమ్ లాటిన్‌లో ఓమ్నిపోతెన్స్ అన్నాడు. అన్నీ చేయగలవాడని అర్థం. గుడారాల వాళ్ల దేవుడికి సామ్రాజ్యాల భాషల్లో సింహాసనం వేశారు. ఇంగ్లీషు ఆల్‌మైటీ అక్కడి నుంచే వచ్చింది.

తెలుగులో ఈ పని సముద్రతీరంలో మొదలైంది. 1805లో లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. ఇద్దరూ ఎక్కువ కాలం బతకలేదు. క్రైస్తవం పుచ్చుకున్న బ్రాహ్మణుడు ఆనందరాయర్ వాళ్లకు తోడుగా నిలిచాడు. ఆ శ్రమ ఫలితంగా సువార్తలు 1812లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి వచ్చాయి. 1818 నాటికి తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. సంపూర్ణ బైబిలు చేతికి రావడానికి 1854 దాకా ఆగాల్సి వచ్చింది. షద్దాయ్‌కు సర్వశక్తుడు, సర్వశక్తిగల దేవుడు అన్న పేర్లు స్థిరపడ్డాయి. శక్తి మాట తెలుగు గడ్డకు కొత్తది కాదు. మెదక్ పక్కనే మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గమ్మను జనం ఆ శక్తిగానే కొలుస్తారు. శివరాత్రి జాతరకు బండ్లు కట్టుకుని పోయేవాళ్లు. బైబిలు పట్టుకుని సువార్తికుడు వాడకు వచ్చేసరికి ఆ మాట వాళ్ల చెవులకు అలవాటైనదే. ఆ శక్తి మన కోసం ఏం చేస్తుందన్నదే వాళ్లు తేల్చుకోవాల్సి ఉంది. దానికి జవాబు పుస్తకంలో చదివితే చాలదు, కళ్ల ముందు జరగాలి.

రాయి, డంగు సున్నం, కూలి మెతుకు

పోస్నెట్ మొదట తన మిషన్ ఇల్లు కట్టుకున్నాడు, అదీ మేడ ఇల్లు. ఆ రోజుల్లో ప్రార్థన జరిగేది చిన్న మట్టి గోడల పూరిపాకలో. పాదిరి ఇల్లు మేడ, దేవుడి ఇల్లు పూరిపాక అన్న సంగతి ఆయన్ను కుదురుగా ఉండనివ్వలేదు. దేవుడి ఇల్లు తన ఇంటి కంటే పెద్దదిగా, ఎత్తుగా ఉండాలని పట్టుబట్టాడు. ఆయన తోబుట్టువు ఎమిలీ పోస్నెట్, ఆమె తోడుగా వచ్చిన ఎల్సీ హారిస్ అప్పటికే మెదక్‌లో వైద్యం మొదలుపెట్టి ఉన్నారు. పల్లెల్లో బడులు లేచాయి. ఇక మిగిలింది గుడి.

1914లో పని మొదలైంది. ఆ ఏడే ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధం. ధరలు మండిపోయాయి. 1918లో వానలు తప్పాయి, దాని వెంటే ఇన్‌ఫ్లుయెంజా వచ్చి ఊళ్లకు ఊళ్లను పడుకోబెట్టింది. 1920లోనూ దక్కన్‌లో కాలం కాలేదు. ఇలాంటి పదేళ్ల పాటు ఒక గుడి ఆగకుండా లేచిందంటే దాని వెనుక ఉన్నది చందాల డబ్బు ఒక్కటే కాదు. పని కావాలి, పనితో పాటు తిండి కావాలి అంటూ చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచొచ్చిన జనం ఉన్నారు. పోస్నెట్ దొర ఊరికే గంజి పోయలేదు, పని ఇచ్చి తిండి పెట్టాడని మెదక్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నక్షా ఇంగ్లండ్‌లోని బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థది. కట్టింది రాయితో, డంగు సున్నంతో. డంగు సున్నం అంత తేలిగ్గా తయారయ్యేది కాదు. గుండ్రటి కాలువలో సున్నం, ఇసుక వేసి, ఎడ్లు కట్టిన రాతి గుండును తిప్పుతూనే ఉండాలి. ముద్ద వెన్నలా మెత్తబడి, వేలికి జిగురు తగిలినప్పుడే మేస్త్రీ సరే అంటాడు. తొందరపడి దింపితే రాయి పట్టదు. ఎడ్లు తోలడం, నీళ్లు మోయడం, ముద్దను తట్టకెత్తి పరంజా మీదికి అందించడం, ఇవన్నీ కూలి వాళ్ల పని. ఊరి బావి తాకనివ్వని చేతులు అందించిన సున్నంతోనే ఆ గోడలు నిలిచాయి.

గుడి 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. గంటల గోపురం ఎత్తు 175 అడుగులు. ఒకేసారి 5,000 మంది కూర్చోవచ్చు. స్తంభాలు చెక్కిన బూడిద రంగు రాయివి. నేల మీది రంగుల పలకలు ఇంగ్లండ్ నుంచి వచ్చాయి, వాటిని పరిచిన మేస్త్రీలు ఇటలీ వాళ్లు. అంత మంది మధ్య మాట గింగురుమని చెదిరిపోకుండా పైకప్పు లోపల గుల్ల పదార్థం వాడారు.

ఎత్తు మీద పంతాలు, జనం మీద పంతాలు

గోపురం చార్మినార్‌ను మించుతుందేమోనని నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దర్బారులో కలవరం పుట్టిందని మెదక్‌లో కథలు చెబుతారు. చార్మినార్ దాదాపు 184 అడుగులు. మెదక్ గోపురం దానికి కొద్దిగా తక్కువలోనే ఆగింది. కథ మాట ఎలా ఉన్నా, ముస్లిం పాలకుడి రాజ్యంలో, హిందూ దేశ్‌ముఖుల ఊళ్ల నడుమ, ఇంగ్లీషు పాదిరి కడుతున్న గుడి మీద అందరి కళ్లూ ఉండటం సహజం.

అసలు పంతం ఎత్తు గురించి కాదు, జనం గురించి. బడికి వెళ్లిన మాల పిల్లాడు రేపు కాగితం చదువుతాడు. తాత వేలిముద్ర వేసిన బాకీ లెక్క చూపమని అడుగుతాడు. వెట్టికి రమ్మంటే ఎందుకని అడుగుతాడు. పటేళ్లకు, దేశ్‌ముఖులకు మింగుడుపడనిది ఇదే. మిషన్ల మధ్య మాత్రం పొలం గట్ల మాదిరి హద్దులు గీసుకున్నారు: మెదక్ వైపు వెస్లియన్లు, నల్లగొండ, పాలమూరు వైపు అమెరికన్ బాప్టిస్టులు, డోర్నకల్ వైపు 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య నడిపిన ఆంగ్లికన్లు.

కూటి కోసం మతం మారారన్న నింద అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆకలితో ఉన్న మనిషి అన్నం పెట్టిన చోటికి వెళ్లడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వాణ్ణి ఆకలితో ఉంచిన ఏర్పాటుదే ఆ సిగ్గు. పైగా తిండి ఒక్కటే కారణమైతే కరువు తీరాక వాళ్లంతా వెనక్కి పోవాలి. పోలేదు. అక్షరం, మందు, నలుగురితో సమానంగా బల్ల మీద కూర్చునే చోటు దొరికాయి. మొర పెట్టుకోగల దేవుడూ దొరికాడు. గడీ ముందు నోరెత్తితే దెబ్బలు. షద్దాయ్ ముందు నయోమి నిష్ఠూరమాడింది, యోబు నిలదీశాడు, ఇద్దరి మాటలూ పవిత్ర గ్రంథంలో నిలిచాయి. నోరెత్తనివ్వని శక్తినే తరతరాలుగా చూసినవాళ్లకు, నోరెత్తినా కొట్టని శక్తి ఉందని తెలియడం చిన్న విషయం కాదు.

1924 డిసెంబర్ 25న గుడిని ప్రతిష్ఠించారు. క్రిస్మస్ నాడు యెషయా ప్రవచనం చదవడం ఆనవాయితీ. పుట్టబోయే శిశువుకు ఆ ప్రవచనం పెట్టిన పేర్లలో ఏల్ గిబ్బోర్ ఒకటి, తెలుగులో బలవంతుడైన దేవుడు. పరిగె ఏరుకునే పరాయి పిల్లకు పేలాలు పెట్టిన బోయజుకు వాడిన గిబ్బోర్ మాటే ఇక్కడ పసిబిడ్డకు వాడారు. మూడేళ్ల తర్వాత, 1927లో, లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన క్రీస్తు ఆరోహణం బొమ్మ రంగు గాజుల కిటికీగా బలిపీఠం వెనుక వెలిసింది. 1947లో జననం, 1958లో సిలువ కిటికీలు చేరాయి. పగటి వెలుగు ఉన్నంతసేపే ఆ బొమ్మలు లోపలివాళ్లకు కనబడతాయి.

తర్వాతి తరాల్లో మెదక్ హీబ్రూను అనువాదంలో వినడంతో ఆగలేదు. 1983లో మెదక్ బిషప్ అయిన పి. విక్టర్ ప్రేమసాగర్ స్వయంగా పాత నిబంధన పండితుడు. తర్వాత దక్షిణ ఇండియా సంఘానికి మోడరేటర్ కూడా అయ్యారు. ఇవాళ తెలుగు ఊళ్లలో ఆటో వెనకా, కిరాణా కొట్టు బోర్డు మీదా, ప్రార్థన మందిరం గోడ మీదా ఎల్‌షద్దాయ్ అని రాసి కనిపిస్తుంది. రాయించుకున్నవాళ్లు ఆ పేరును రోగం తగ్గించే, డబ్బు కురిపించే శక్తిగా తలుచుకోవచ్చు. ఆ నమ్మకాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఆ పేరు యాకోబు నోట, నయోమి నోట వచ్చింది గింజలు నిండుకున్న రోజున. కట్టల్లోంచి వెన్నులు కావాలని వదిలే చేతుల్లోనే దాని బలం కనబడింది. మెదక్ గుడి గొప్పతనాన్ని కూడా 175 అడుగులతో కాక, ఆ పదేళ్లలో దాని నీడన ఎన్ని కుటుంబాలు గటక తాగి బతికాయన్నదాంతో కొలవాలి.

ఆ కుటుంబాల పేర్లు ఏ ఫలకం మీదా లేవు. మీ తాత అక్కడ రాయి మోశాడనో, అవ్వ సున్నం తట్ట ఎత్తిందనో ఇంట్లో చెప్పుకుంటే, ఆ మాట పోకముందే పేరు, ఊరు, తెలిసినంత కథ రాసి పెట్టండి. మెతుకుసీమ చరిత్రలో వాళ్ల పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.

వచ్చే భాగంలో 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడటం, ఫ్రాంక్ విటేకర్ మెదక్ తొలి బిషప్ కావడం, మరుసటి ఏడు సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో నిజాం రాజ్యం ముగియడం, ఆ పన్నెండు నెలల అల్లకల్లోలంలో మెదక్ పల్లెలు గడిపిన రోజులు చదువుదాం.